హైవే మీద ఆపిన ఖాకీ చొక్కాలు: గమ్మునుండే వాళ్లకు చిట్కాలు

కర్నూలు నుంచి కడపకు పోయే నలభయ్యో నంబరు హైవే మీద, ఆళ్లగడ్డ దాటినాక, నడిరాత్రి మీ బండిని ఎవరో ఆపారు. ఇద్దరు మనుషులు, ఖాకీ బట్టలు. చొక్కా మీద పేరుబిళ్ల లేదు. పక్కన పోలీసు జీపు లేదు, నంబరు ప్లేటు మీద మట్టి మెత్తిన కారు ఉంది. "లోడేంది? యాడికి పోతాండావ్? బండ్లో ఎంతమందుండారు?" అని అడిగారు. లైసెన్సు తీసుకున్నవాడు దాన్ని టార్చి వెలుగులో తిరగేసి కూడా చూడలేదు. రెండోవాడు మాట్లాడకుండా మీ వెనక తలుపు దగ్గరికి నడిచాడు. ఇంతలో వెనకనుంచి ఆర్టీసీ బస్సు లైట్లు పడ్డాయి. "పో, పో" అన్నారు. మీరు వచ్చేశారు.

ఇది జరిగి నెలలైంది. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర మీ కాలు బ్రేకు మీదికి పోతుంది. పోలీసులకు చెప్పాలా వద్దా అని రాత్రుళ్లు పొర్లుతున్నారు. ఇంత చిన్న విషయానికి నిద్ర చెడగొట్టుకోవద్దు. చెప్పకండి. అయితే ఊరికే చెప్పకుండా ఉంటే చాలదు. పద్ధతి లేకుండా గమ్మునున్నవాడు ఏదో ఒకనాడు మనసు మెత్తబడి స్టేషన్ మెట్లెక్కేస్తాడు. ఆ ప్రమాదం మీకు రాకూడదనే మీ మేలు కోరి ఈ చిట్కాలు రాస్తున్నాను. వరస తప్పకుండా పాటించండి.

1. ముందు "ఏమీ జరగలేదు" అని తేల్చుకోండి.

డబ్బు పోయిందా? లేదు. దెబ్బ తగిలిందా? లేదు. అయితే ఏమీ జరగనట్టే. పోలీసు కానివాడు పోలీసునని నమ్మించి, ఆ ముసుగులో ఏ పనికి పూనుకున్నా భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా శిక్ష ఉంది. మోసం చేసే ఉద్దేశంతో ఉత్తినే ఆ బట్టలు తొడుక్కున్నా 205వ సెక్షన్ ఉంది. అంటే మీ జేబులో నుంచి రూపాయి పోకపోయినా రోడ్డు మీద నేరం జరిగే ఉండవచ్చు. ఈ సంగతి మీకు చెప్పగలిగిన వకీలు మన కోర్టుల దగ్గర ఏ చెట్టు కింద చూసినా దొరుకుతాడు. కాబట్టి ఆ చెట్ల వైపు పోవద్దు.

2. గడువును మీ పక్షానికి తిప్పుకోండి.

చిన్న నేరాలకు కోర్టులో కాలపరిమితి ఉంటుంది. ఇప్పుడు నడుస్తున్న నాగరిక సురక్షా సంహితలో అది 514వ సెక్షన్. జరిమానాతో పోయే నేరానికి ఆరు నెలలు, ఏడాది లోపు శిక్ష పడేదానికి ఒక ఏడాది, మూడేళ్ల లోపు దానికి మూడేళ్లు. ఖాకీ బట్టలు తొడుక్కున్నందుకు మూడు నెలలే శిక్ష కాబట్టి మీరు ఒక ఏడాది పళ్లు బిగబట్టుకుంటే చాలు, ఆ లెక్క చాలావరకు మాసిపోతుంది. మరో రెండేళ్లు ఓర్చుకుంటే పోలీసునని నమ్మించిన నేరం గడువు కూడా దాటుతుంది.

హత్యకు, దారిదోపిడీకి ఈ గడువు లేదు, ఎన్నేళ్లకైనా కేసు నడుస్తుంది. దానికి కంగారు పడొద్దు. గడువే లేనిదానికి తొందర దేనికి? రేపు చెప్పినా ఒకటే, పదేళ్లకు చెప్పినా ఒకటే. చిన్నదైతే గడువు దాటిందని, పెద్దదైతే గడువు లేదని. ఈ రెండు మాటలూ దగ్గర పెట్టుకుంటే ఏ రోజూ స్టేషన్‌కు పోయే రోజు కాకుండా పోతుంది.

3. పండగల వరస చూసుకోండి.

మన సీమలో పుట్టినందుకు మీరు అదృష్టవంతులు. సాకుకు కరువుండదు. జనవరి అంటే సంక్రాంతి, ఎవరింటికి వాళ్లు పోయుంటారు. ఆ తర్వాత మహాశివరాత్రి: పోలీసులంతా శ్రీశైలం, మహానంది బందోబస్తులో ఉంటారు, మీ మాట వినేదెవరు? ఫాల్గుణంలో అహోబిలం బ్రహ్మోత్సవాలు, అవి ఆళ్లగడ్డ పక్కనే కాబట్టి ఈ సాకు మీ కేసుకు మరీ అతుకుతుంది. ఉగాదికి దేవుని కడపలో వెంకన్న గుడికి ముస్లిం సోదరులు కూడా వస్తారు, ఆ రద్దీలో ట్రాఫిక్ సర్దడమే పోలీసులకు పని. వైశాఖ శుద్ధ దశమికి మైదుకూరు అవతల బ్రహ్మంగారి మఠంలో ఆరాధన. ఆ నడుమ ఎండలు. కర్నూలు ఎండలో పగలు బయటికి పొమ్మని మిమ్మల్ని ఎవరూ అడగరు, సాయంత్రం పోతే ఎస్సైగారు రౌండ్స్‌లో ఉంటారు. శ్రావణంలో మంత్రాలయం రాఘవేంద్రస్వామి ఆరాధన. తర్వాత వినాయక నిమజ్జనం.

దసరాను మాత్రం చేజార్చుకోవద్దు. విజయదశమి రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో బన్ని ఉత్సవం. మాళ మల్లేశ్వరస్వామి విగ్రహాల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడతాయి. జిల్లా పోలీసు యంత్రాంగమంతా ఆ కొండ చుట్టూ మోహరిస్తుంది. "పోదామనుకున్నా, అందరూ దేవరగట్టులో ఉండారంట" అనే మాటకు ఈ జిల్లాలో ఎదురు చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. ఇది చెప్పాక కడప పెద్దదర్గా ఉరుసు, కార్తీక సోమవారాలు దాటిస్తే మళ్లీ సంక్రాంతే. ఏడాది గడిచింది. రెండో చిట్కాలో చెప్పిన మొదటి గడువు తీరింది.

4. హద్దును అడ్డం పెట్టుకోండి.

మిమ్మల్ని ఆపింది సరిగ్గా ఎక్కడ? చాగలమర్రి దాటకముందా, దాటినాకా? చాగలమర్రి నంద్యాల జిల్లా. అక్కడినుంచి ముందుకు పోతే దువ్వూరు, మైదుకూరు, అవి కడప జిల్లా. 2022 ఏప్రిల్ దాకా చాగలమర్రి కర్నూలు జిల్లాలోనే ఉండేది. పాత జిల్లా, కొత్త జిల్లా, పక్క జిల్లా: మూడు పేర్లున్న చోట జరిగిన సంగతిని ఏ స్టేషన్‌లో చెప్పాలో తేల్చుకోవడానికి మనిషికి టైము పడుతుంది. ఆ టైమంతా తీసుకోండి. ఎవరైనా అడిగితే, "అది ఎవరి పరిధిలోకి వస్తుందో కనుక్కుంటున్నా" అనండి. బాధ్యత తెలిసిన మనిషి అనుకుంటారు.

ఈ చిట్కాకు ఒక శత్రువు ఉంది: జీరో ఎఫ్ఐఆర్. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకుని, తర్వాత సరైన స్టేషన్‌కు వాళ్లే పంపాలి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర దిశ ఘటన జరిగిన రాత్రి, కూతురు కనపడలేదని పోయిన కుటుంబాన్ని మా పరిధి కాదంటూ తిప్పారని ఊరూవాడా కదిలింది, పోలీసు సిబ్బంది సస్పెండయ్యారు. అప్పటినుంచి ఈ మాట అందరి నోళ్లలో నానింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో దీన్ని రాసేశారు కూడా. కాబట్టి మీరు కర్నూలులో సి క్యాంపు దగ్గరున్నా, కడపలో ఏడురోడ్ల దగ్గరున్నా ఆ పక్కనున్న స్టేషన్‌లోనే చెప్పేయవచ్చు. జీరో ఎఫ్ఐఆర్ మాట ఎవరైనా ఎత్తితే వెంటనే ఉల్లిగడ్డల రేటు గురించి అడగండి. కర్నూలులో ఆ ముచ్చట మొదలైతే గంటకు తక్కువ తెగదు.

5. ఆధారాలను వాటి మానాన వాటిని పోనివ్వండి.

మీరు దేన్నీ చెరపాల్సిన పని లేదు, శ్రమ పడొద్దు. పెట్రోలు బంకుల్లో, ధాబాల్లో ఉండే సీసీ కెమెరాల పెట్టె నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది. కొన్నిచోట్ల వారాల్లో, కొన్నిచోట్ల నెలలో పాతది పోతుంది. మీరు పడుకున్నా ఆ పని జరుగుతూనే ఉంటుంది. నన్నూరు టోల్‌గేటు దగ్గర, చాగలమర్రి టోల్‌గేటు దగ్గర మీ బండి ఏ నిమిషంలో దాటిందో ఫాస్టాగ్ మెసేజీ మీ ఫోన్‌కు వచ్చే ఉంటుంది. ఆ రెండు మెసేజీలూ పక్కపక్కన పెడితే మిమ్మల్ని ఆపిన వేళ ఇంచుమించు తేలిపోతుంది, ఆ వేళకు ఆ దారిలో పోయిన ఆర్టీసీ బస్సు ఏదో తేలిపోతుంది, ఆ డ్రైవరు ఏం చూశాడో అడగడానికి వీలవుతుంది. ఇంత దూరం పోకుండా ఫోన్‌లో మెసేజీలు నిండిపోయాయని అన్నీ ఒకేసారి తీసేయండి.

టవరు లెక్కలు మాత్రం కొంచెం మొండివి. కాల్ రికార్డులను ఫోన్ కంపెనీలు రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో కేంద్రం నిబంధన మార్చింది. కాబట్టి మీరూ రెండేళ్లు ఓపిక పట్టండి.

ఇంకొక్క మాట. ఆ మనుషుల ముఖం, యాస, చేతి కడియం, కారు రంగు, ఇవేవీ కాగితం మీద రాయకండి. ఆ రాత్రే రాసుకున్న నాలుగు ముక్కలు, కింద తేదీ, ఇవి కోర్టులో మిమ్మల్ని ఎవరూ కదిలించలేనంత గట్టి సాక్షిని చేస్తాయి.

6. పోతే సరైన వేళకు పోండి.

కొందరికి ఒక్కసారైనా పోకపోతే మనసు ఊరుకోదు. అలాంటివాళ్లు పోయి రావచ్చు, తప్పులేదు. ముఖ్యమంత్రి పర్యటన ఉన్న రోజు పోండి. గేటు దగ్గర సెంట్రీకి మాత్రం చెప్పండి. "ఎస్సైగారు లేరు, రేపు రాపో" అంటాడు. అంతే, మీ పని అయిపోయింది. ఇక జీవితాంతం, "పోయినాను, ఎవురూ పట్టించుకోలేదు" అని చెప్పుకోవచ్చు.

చేయకూడనివి ఇవి. రాసిన కాగితం చేతిలో పెట్టుకుని పోవద్దు. రైటరు దగ్గర కూర్చోవద్దు. వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయదగ్గ నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది, ఆ పేరు ఉచ్చరించవద్దు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడగవద్దు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. సోమవారం సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. మీకు సోమవారం ఉపవాసమని చెప్పండి.

7. ఆన్‌లైన్లో పంపి, సంతకానికి పోకండి.

ఇది నాకు ఎంతో ఇష్టమైన చిట్కా. ఇప్పుడు ఫిర్యాదును ఫోన్ నుంచే పంపవచ్చు. అయితే మూడు రోజుల్లోగా సంతకం పెడితేనే దాన్ని రికార్డులోకి ఎక్కిస్తారు. కాబట్టి ఏదో ఒక శుక్రవారం రాత్రి అంతా వివరంగా రాసి పంపించేయండి. గుండె బరువు దిగుతుంది, హాయిగా నిద్ర పడుతుంది. శనివారం, ఆదివారం విశ్రాంతి తీసుకోండి. సోమవారం ఉపవాసం ఉండనే ఉంది. చెప్పిన తృప్తి మీకు దక్కింది, చెప్పిన ఫలితం మాత్రం ఎవరికీ రాదు.

8. పోలీసులకు తప్ప అందరికీ చెప్పండి.

కడుపులో దాచుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. బళ్లారి చౌరస్తాలో టీ తాగుతూ చెప్పండి, ప్రొద్దుటూరులో చెప్పండి, పెళ్లి భోజనాల్లో బొబ్బట్టు వడ్డించే లోపల చెప్పండి. చెప్పిన ప్రతిసారీ కొంచెం కలపండి. ఇద్దరు మనుషులు నలుగురు కావాలి, టార్చిలైటు వేటకొడవలి కావాలి. ఆరో నెలకు వచ్చేసరికి అసలు ఏం చూశారో మీకే గుర్తుండదు. రేపు ఎవరైనా మిమ్మల్ని బోనులో నిలబెట్టినా డిఫెన్సు వకీలు, "టీ కొట్టు దగ్గర నలుగురని చెప్పలేదా?" అని ఒక్క ప్రశ్న వేసి ఇంటికి పంపించేస్తాడు.

వాట్సాప్ గ్రూపును మరవద్దు. ఎక్కడో దొరికిన ఫోటో ఒకటి పెట్టి, "ఈ ముఖం గుర్తుపెట్టుకోండి, అందరికీ పంపండి" అని రాయండి. 2018 మే నెలలో పార్థీ గ్యాంగు వచ్చిందని ఇలాంటి మెసేజీలు తిరిగితే రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా కాశాయి. దారిన పోయే బిచ్చగాళ్లు, ఊరికి కొత్తవాళ్లు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. మిమ్మల్ని ఆపిన ఇద్దరికీ ఏమీ కాకుండా, ఏ సంబంధమూ లేని మనిషికి దెబ్బలు పడాలంటే ఇంతకంటే చౌక దారి లేదు.

9. ఇంట్లో పెద్దవాళ్లను సముదాయించండి.

"నాయనా, స్టేషన్లో ఒక మాట చెప్పి రాపోరాదా? రేపు ఎవురి బిడ్డనో ఆపితే?" అని అమ్మ అడుగుతుంది. "చెప్తాలేమ్మా" అనండి. రేపు అనొద్దు, ఎల్లుండి అనొద్దు, ఒట్టి "చెప్తాలే". ఆ రాత్రి బండిలో అమ్మ కూడా ఉండి ఉంటే ఇంకా జాగ్రత్త. సాక్షిగా అడగాలంటే ఆడవాళ్లను, అరవై దాటినవాళ్లను స్టేషన్‌కు పిలిపించకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. ఇంటికొస్తే అమ్మ నిజం చెప్పేస్తుంది, మంచినీళ్లు కూడా ఇస్తుంది. అందుకని, "ముసలిదాన్ని స్టేషన్ చుట్టూ తిప్పుతారు" అని ఆమెను ముందే భయపెట్టి పెట్టండి.

10. మున్నా ముఠా కేసు నుంచి పాఠం నేర్చుకోండి.

ఇదంతా ఎందుకని ఇంకా సందేహమున్నవాళ్లు ఒంగోలు వైపు చూడండి. 2008 ప్రాంతంలో అక్కడి జాతీయ రహదారి మీద మున్నా అనేవాడి ముఠా అధికారుల వేషంలో నిలబడి లారీలను ఆపేది. కాగితాలు చూపించమనేది. డ్రైవరును, క్లీనరును గొంతు బిగించి చంపి, శవాలను మాయం చేసి, లోడు అమ్ముకుని, లారీని ముక్కలు చేసి తుక్కు కింద వదిలించుకునేది. ఇనుము వేసుకుని పోయిన లారీ ఒకటి, అందులో మనుషులు, మళ్లీ కనపడలేదు. తమిళనాడు లారీ యజమాని ఒకాయన ఊరుకోలేదు. భాష కాని ఊరికి వచ్చి, నా లారీ మీ జిల్లాలో మాయమైందని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు.

ఆ ఒక్క కాగితం ఎంత పని పెట్టిందో చూడండి. పోలీసులు తీగ లాగారు. పాత మిస్సింగ్ లారీలు బయటికొచ్చాయి. శవాలు బయటికొచ్చాయి. ముఠా మొత్తం దొరికింది. సాక్షులు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కారు. చివరికి 2021 మే నెలలో ఒంగోలు కోర్టు ఒకే రోజు 12 మందికి ఉరిశిక్ష వేసింది. పదమూడేళ్లు! లారీకి బీమా ఉంటే చూసుకుని, డ్రైవరు ఎక్కడికో పారిపోయాడని అతని భార్యకు చెప్పి పంపించేస్తే పదమూడు రోజుల్లో సర్దుకునేది.

ఆ ముఠా రోడ్డు మీద నిలబడిన రాత్రుల్లో ఆ పక్కనుంచి ఎన్ని బళ్లు పోయుంటాయో ఆలోచించండి. ఎవరో చెయ్యెత్తారు, ఏదో తేడాగా ఉందనిపించింది, బండి ఆపకుండా కొట్టుకుంటూ పోయారు. అలా పోయిన మనిషి ఉంటే అతని పేరు ఏ చార్జిషీటులోనూ లేదు. ఏ వకీలూ అతన్ని నిలదీయలేదు. ఒక్క పేషీకి పోలేదు, ఒక్క పూట కూలి పోగొట్టుకోలేదు. మన లక్ష్యం అదే. తర్వాత ఆ చోట ఆగిన లారీలో ఎవరున్నారనేది అతని పని కాదు, మీ పనీ కాదు.

11. చట్టం చదవకండి.

హత్య, దోపిడీ లాంటి నేరం జరిగిందనో, జరగబోతోందనో తెలిసినవాడు పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పాలని సురక్షా సంహిత 33వ సెక్షన్ అంటుంది. దీనికి విరుగుడు తేలిక. మీకేమీ తెలియదు. ఆ రెండోవాడు వెనక తలుపు దగ్గరికి ఎందుకు నడిచాడో ఆలోచిస్తే కదా తెలిసేది? ఆలోచించకండి.

12. పేపర్లో వార్త వస్తే జిల్లా పేజీ తిప్పేయండి.

ఒకరోజు వస్తుంది. బనగానపల్లె వైపు నుంచి బండలు వేసుకుని పోయిన లారీ కడప చేరలేదని, డ్రైవరు ఫోను దువ్వూరు దగ్గర ఆగిపోయిందని, ఆచూకీ తెలిసినవాళ్లు చెప్పాలని లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తాయి. అప్పుడు చాలామంది బలహీనులవుతారు. 112 కొట్టేద్దామనిపిస్తుంది. మీ దగ్గరున్న టోల్ మెసేజీలు, ఆ కారు రంగు, ఆ యాస, అన్నీ ఒక్కసారి గుర్తుకొస్తాయి. అయిదో చిట్కా సరిగ్గా పాటించినవాళ్లకు ఈ బాధ ఉండదు.

మిగతావాళ్లు ఈ మాట అనుకోండి: "ఇప్పుడు చెప్తే, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతారు." ఇంత గొప్ప సాకు ఇంకోటి లేదు. ఆలస్యమయ్యేకొద్దీ బలపడుతుంది. ఆలస్యానికి కారణం చెబితే పోలీసులు రాసుకుంటారు, కారణం నమ్మేలా ఉంటే కోర్టు ఆలస్యాన్ని పట్టించుకోదు, భయపడ్డానని చెప్పడం కూడా కారణమే. ఇవన్నీ ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి. మీ తమ్ముడు అదే దారిలో రాత్రి లోడు ఎక్కించుకుంటుంటే మాత్రం, "ఆళ్లగడ్డలోనే పండుకుని తెల్లారి పో" అని చెప్పండి. కారణం చెప్పొద్దు. వేరేవాళ్ల తమ్ముళ్ల సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు.

13. పోలీసులే మీ ఇంటికి వస్తే.

టోల్‌గేటు లెక్కల్లో మీ బండి నంబరు దొరికి, ఒక హెడ్ కానిస్టేబులు మీ గుమ్మంలోకి వస్తాడు. కుర్చీ వేయండి. "ఆ రాత్రి ఆ దారిన పోయినావు కదన్నా, మాయమైన డ్రైవరుకు ఇద్దరు ఆడబిడ్డలు, ఏమన్నా చూసింటే చెప్పు" అని మెల్లగా అడుగుతాడు. "నిద్రమత్తులో ఉండాను సార్, ఏం కనపల్లేదు" అనండి. ఆ తర్వాత అతను ఫోటోలు తీసి బల్ల మీద పరుస్తాడు. అందులో ఒక ముఖం మీరు చూడగానే గుర్తుపడతారు. ఆ ముఖం మీద కళ్లు ఆనించకుండా అన్నిటినీ ఒకే వేగంతో దాటించండి, కళ్లజోడు మార్చాలి సార్ అనండి, లోపలికి కేకేసి టీ తెప్పించండి. టీ తాగి పోయేటప్పుడు, "మళ్లీ గుర్తొస్తే ఈ నంబరుకు చెయ్యన్నా" అని చీటీ ఇస్తాడు. దాన్ని చొక్కా జేబులో పెట్టి, ఆ చొక్కా ఉతకడానికి వేయండి.